గుమ్మం బయటి రెండేళ్ళు

పోయిన నెలలో ఒక ఆదివారం ఉదయం, ఇక్కడ హైదరాబాదులో నేను పేపరు ముందేసుకుని కూర్చున్న వేళ, సాల్ట్ లేక్ సిటీ నుంచి చోరో ఫోన్ చేశాడు. అక్కడ ఇంకా శనివారం రాత్రి. కుశలప్రశ్నలేవీ లేకుండా నేరుగా విషయానికి వచ్చాడు.

"మా అమ్మకు బాగుండలేదు. డాక్టర్లు నెలల లెక్క చెబుతున్నారు. అమ్మాయి పెరూలో ఉంది, ఇంకా పది నెలల సేవాకాలం మిగిలింది. సోమవారం వీడియోలో కనబడుతుంది. ఎంతవరకు చెప్పమంటావు?"

"నన్నెందుకు అడుగుతున్నావు? మీ సంఘంలో పెద్దలు లేరా?" అన్నాను.

"ఉన్నారు. వాళ్ళేం చెబుతారో నాకు తెలుసు. అందుకే నిన్నడుగుతున్నాను."

అతనికి నేను చెప్పిన జవాబు సరైనదో కాదో ఇప్పటికీ తేల్చుకోలేక ఈ టపా రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది. మిత్రులు ఓపిక పట్టాలి.

చోరో అన్నది అతని అసలు పేరు కాదు. 2003 ఆగస్టులో నేను పైచదువుకని యూటా విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు ల్యాబులో నా పక్క బల్ల అతనిది. మోర్మన్ కుటుంబంలో పుట్టినవాడు. పందొమ్మిదో ఏట, 1998లో, మతప్రచారకుడిగా జపాన్ వెళ్ళి ఉత్తరాన ఉన్న సప్పోరో ప్రాంతంలో రెండేళ్ళు గడిపి వచ్చాడు. ఇంగ్లీషులో ఈ యువ ప్రచారకులను ఎల్డర్ అంటారు, అంటే పెద్ద అని. పందొమ్మిదేళ్ళ కుర్రవాడు పెద్ద ఎట్లా అయ్యాడని నేను ఎగతాళి చేస్తే, "జపాన్‌లో ఇంకా గొప్పగా ఉండేది, చోరో అని పిలిచేవారు" అన్నాడు. మన చెవికి అది చోరుడిలా వినబడుతుందని వివరించి చెప్పాను. పగలబడి నవ్వాడు. ఆనాటి నుంచి నాకు అతను చోరోయే.

ఇక్కడొక మాట. 2018లో వారి అధ్యక్షుడు రస్సెల్ నెల్సన్, మోర్మన్లన్న వాడుక పేరు మాని సంఘాన్ని పూర్తి పేరుతోనే పిలవాలని కోరారు. ఆ కోరిక న్యాయమైనదే. కానీ యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము అని ప్రతి వాక్యంలోనూ రాయడం నా వల్ల కాదు. పాత పేరే వాడుతున్నాను.

మా స్నేహానికి మొదటి ముడి మతం కాదు, వ్యాకరణం. ఒకరోజు నేను ఇంటికి ఫోన్ చేసి మాట్లాడుతుంటే విని, నేనన్న ఒక వాక్యాన్ని మాటకు మాట విడగొట్టి అర్థం చెప్పమన్నాడు. "నేను ఇంటికి వెళ్తాను" అన్న ముక్కను విప్పి చెప్పేసరికి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "వతాషి వా ఉచి నీ ఇకిమాసు! అదే వరస!" నేను, ఇంటి, కి, వెళ్తాను. కర్త ముందు, క్రియ చివర, విభక్తి నామానికి తోక. ఇంగ్లీషు వాడి బుర్రను తలకిందులు చేస్తే గాని ఎక్కని ఈ వరస అతనికి జపనీయం పుణ్యమా అని వెంటనే ఎక్కింది. ఆ ఏడాది చివరికి నాతో తెలుగులో అన్నం తిన్నావా అని అడిగే స్థాయికి వచ్చాడు. అమెరికాలో పుట్టిన మన పిల్లలు కొందరు ఆ మాత్రమూ అనలేరన్న సంగతి ఇప్పుడెందుకులెండి.

అతను చెప్పగా నేను విన్న ఆ రెండేళ్ళ దినచర్య ఇది. ఏ దేశానికి వెళ్ళేదీ తాము కోరుకోరు, ఒక ఉత్తరం వచ్చి చెబుతుంది. జీతం ఉండకపోగా ఎదురు తామే కట్టుకోవాలి. అమెరికా కుటుంబాలకు ఆ ఖర్చు నెలకు 400 డాలర్లుగా చాలాకాలం సాగి, 2020 జూలై నుంచి 500 అయింది. చోరో హైస్కూలు రోజుల్లో ఊళ్ళోవాళ్ళ పచ్చికలు కోసి కొంత కూడబెట్టాడట. మగపిల్లలకు రెండేళ్ళు, ఆడపిల్లలకు ఏడాదిన్నర. ప్రోవోలోని శిక్షణ కేంద్రంలో కొన్ని వారాలు భాష నేర్పి విమానం ఎక్కిస్తారు.

ఉదయం ఆరున్నరకు లేవాలి. కొంత వ్యాయామం, ఆపై స్నానం, ఫలహారం. ఎనిమిది నుంచి గ్రంథపఠనం, మొదట ఒంటరిగా, తరువాత జంటగా, ఆపైన భాషాభ్యాసం. తరువాత వీధిలోకి. రాత్రి తొమ్మిది దాకా తిరగడమే. మర్నాటి కార్యక్రమం రాసుకుని పదిన్నరకు దీపం ఆర్పేయాలి. సినిమాల్లేవు, టీవీ లేదు, ప్రేమ వ్యవహారాలు లేవు. వారానికొక రోజు పగటి పూట బట్టలుతుక్కోవడానికి, సరుకులు కొనుక్కోవడానికి, ఇంటికి ఉత్తరం రాసుకోవడానికి సెలవు. తెల్లచొక్కా, టై, జేబు మీద నల్ల పేరుబిళ్ళ. మనవైపు అయ్యప్ప మాల వేసుకున్నవారిని నలభై ఒక్క రోజులు పేరు పెట్టి పిలవక స్వామీ అన్నట్టే, వీరిని ఇరవై నాలుగు నెలలు సొంత పేరుతో ఎవరూ పిలవరు. ఇంటిపేరు, దానితో పాటు ఎల్డర్. కన్నతల్లి పెట్టిన పేరు పలికే గొంతు ఏడాదికి రెండేసార్లు వినబడేది. క్రిస్మసుకు ఒక ఫోను, మే నెలలో మాతృదినోత్సవానికి ఒక ఫోను. అంతే.

అన్నింటికన్నా కష్టం ఏమిటని అడిగాను. మంచు అంటాడనుకున్నాను. సప్పోరోలో సైకిళ్ళు మూలన పడేసి నెలల తరబడి మంచులో నడవాల్సిందేనట. అది కాదన్నాడు. జంటగాడు. ఒంటరిగా ఎక్కడికీ పోకూడదు. ఇద్దరూ ఎప్పుడూ ఒకరి కంటికొకరు ఆనుతూనే ఉండాలి. ఆ రెండోవాణ్ణి ఎంచుకునే హక్కు లేదు. ఆరు వారాలకొకసారి బదిలీల జాబితా వచ్చేది. అందులో పేరు మారితే సరి, లేకుంటే మళ్ళీ ఆ ముఖమే. ఒకతను రాత్రంతా పళ్ళు కొరికేవాడు. మరొకతను చోరో చేసిన ప్రతి ఉచ్చారణ దోషాన్నీ పుస్తకంలో రాసిపెట్టి రాత్రి పడుకునే ముందు చదివి వినిపించేవాడు. "పెళ్ళయ్యాక నా భార్య నన్ను మంచి భర్త అంటుంది, ఆ పుణ్యం ఆ పళ్ళు కొరికినవాడిది" అని ఓసారి అన్నాడు. ఇది ఎంతవరకు హాస్యమో నాకు తెలియదు.

ఇక తలుపులు. జపాన్‌లో ముఖం మీద తలుపు వేసేవారు బహు తక్కువట. గుమ్మం పక్కనున్న చిన్న డబ్బాలోంచి సన్నని గొంతు పలికేది, "కెక్కో దెసు". దాని మాటకు మాట అర్థం బాగుంది, చాలు అన్నట్టు. మొదటి వారం చోరో దాన్ని అంగీకారం అనుకుని తలుపు తీస్తారని నిలబడిపోయాడు. జంటగాడు చొక్కా పట్టి లాగి, అది వద్దు అనడం అని చెప్పాడు. మనకు మాత్రం లేవా ఇలాంటివి? "చూద్దాం లెండి", "మళ్ళీ ఎప్పుడైనా రండి", "ఇప్పుడే భోజనాలయ్యాయండీ"! రెండేళ్ళలో ఎన్ని తలుపులు తట్టి ఉంటావని అడిగితే లెక్క తెలియదన్నాడు. లెక్క అడిగేవారు మాత్రం ఉండేవారు. వారం చివర ఎందరితో మాట్లాడారు, ఎన్ని పాఠాలు చెప్పారు అని నివేదిక ఇవ్వాలి. అతని చేతుల మీదుగా బాప్తిస్మం పొందినవారు ముగ్గురు. వారిలో ఇద్దరు ఏడాది తిరక్కుండానే రావడం మానేశారు.

ఆ ప్రాంతంలోనే ఒక ముసలమ్మ ఉండేది. భర్త పోయి ఒంటరిగా ఉండేది. ఆమె తలుపు తీసింది. చెప్పులు విడిచే చోట కూర్చోబెట్టి పచ్చటి టీ తెచ్చి ముందు పెట్టింది. మోర్మన్లకు టీ, కాఫీ, మద్యం, పొగాకు నిషిద్ధం. జ్ఞానవాక్యమని పిలుచుకునే ఆ నియమం 1833 నాటిది. ఇద్దరూ ఎర్రబడి, వచ్చీరాని భాషలో తాము తాగకూడదని చెప్పారు. ఇంటికొచ్చిన వాడు ఇచ్చింది పుచ్చుకోకపోతే ఇంటివారికి ఎట్లా ఉంటుందో మన తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. ఆమె ఏమీ అనలేదు. మరుసటి వారం వెళ్ళేసరికి బార్లీ గింజలు వేయించి కాచిన ముగిచా సిద్ధంగా ఉంది. అందులో తేయాకు ఉండదు గనుక నిషేధం వర్తించదు. వీళ్ళ కోసమే కొని తెచ్చిపెట్టుకుంది. మతం గురించి చెబితే శ్రద్ధగా వినేది, చివర కెక్కో దెసు అనేది. ఏడాది పాటు ప్రతి వారమూ అదే. ఆమె మారలేదు. బార్లీ టీ మానలేదు. నివేదికలో ఆమె పేరును ఏ గడిలో వేయాలో తెలిసేది కాదన్నాడు చోరో.

ఇది విన్నప్పుడు నేను అతన్ని వదిలిపెట్టలేదు. అసలు ఆ ముసలామెకు నీ అవసరం ఏమిటి అని అడిగాను. బుద్ధుణ్ణీ, తన పెద్దలనూ కొలుచుకుంటూ డెబ్బయ్యేళ్ళు బతికిన మనిషికి, గడ్డం సరిగా రాని కుర్రవాడు సముద్రం దాటి వెళ్ళి జీవితపరమార్థం చెప్పడంలో ఎంత అహంకారం ఉంది! ఈ అభిప్రాయం నాకు నేటికీ మారలేదు. మా మతమొక్కటే సంపూర్ణమన్న నమ్మకంతో తలుపు తట్టేవాడు, ఎంత మర్యాదగా తట్టినా, లోపలివారి దగ్గర ఉన్నదాన్ని తక్కువ చేస్తూనే తడతాడు.

అయితే ఈ వాదన చేసేటప్పుడు నా గొంతులో ఒక తప్పు స్వరం ఉండేదని చాలాకాలానికి గ్రహించాను. 1893లో వివేకానందుడు షికాగో వెళ్ళడం మనకు పండగ. ఆ సభలోనే మోర్మన్ల తరఫున వచ్చిన బి.హెచ్. రాబర్ట్స్‌కు ప్రధాన వేదిక మీద మాట్లాడే అవకాశం ఇవ్వక పక్క గదికి పొమ్మంటే ఆయన నిరసించి ఊరుకోవలసి వచ్చింది. యూటాలోనే స్పానిష్ ఫోర్క్ దగ్గర రాధాకృష్ణుల గుడి ఉంది. అక్కడి హోలీకి వచ్చే వేలాదిమందిలో ఎక్కువమంది ఆ చుట్టుపక్కల మోర్మన్ విద్యార్థులే. మా తెలుగు విద్యార్థులం కార్లు వేసుకుని వెళితే, మాకన్నా ముందే రంగుల్లో మునిగి కృష్ణనామం పాడుతున్నది వాళ్ళే. మన దేవుడు వారి ఊరికి వెళ్ళినప్పుడు ఆనందించి, వారి దేవుడు మన వీధికి వస్తే మాత్రం దండయాత్ర అనడం నాకిప్పుడు కుదరడం లేదు. ఆశచూపి, భయపెట్టి, ఆకలి ఆసరా చేసుకుని మార్చేవారి సంగతి వేరు, అది నేరమే. తలుపు తట్టి, వద్దంటే నమస్కారం పెట్టి వెళ్ళిపోయే హక్కు మాత్రం ఉండాలి. వద్దు అనే హక్కూ అంతే గట్టిగా ఉండాలి. ఈ రెండో హక్కును ఆ ముసలమ్మ ఏడాది పాటు ఎంత హాయిగా వాడుకుందో చూశారుగా.

చరిత్రలోనూ వీరి ప్రచారం తలుపులు పగలగొట్టిన కథేమీ కాదు, చాలాచోట్ల వట్టి చేతులతో తిరిగి వచ్చిన కథే. రిచర్డ్ బాలంటైన్ అనే ఆయన 1853లో మద్రాసు చేరాడు. చెప్పుకోదగ్గ ఫలితమేమీ లేకుండానే వెళ్ళిపోయాడు. జపాన్‌లో 1901లో మొదలైన వారి ప్రచారం 1924లో మూతపడింది, మళ్ళీ తెరిచింది 1948లో. ఆ మొదటి జట్టులో ఆల్మా టేలర్ అని పందొమ్మిదేళ్ళ కుర్రవాడు ఒకడు వెళ్ళాడు. ఎనిమిదేళ్ళకు పైగా అక్కడే ఉండిపోయి మోర్మన్ గ్రంథాన్ని జపనీయంలోకి తెచ్చాడు. 1909లో అచ్చయింది. మారినవారెందరో గానీ, ఒక పరభాష మాత్రం ఆ మనిషిని పూర్తిగా మింగేసింది.

మన తెలుగునాట వీరి సంఘం వేళ్ళూనిన కథ మరీ ఆసక్తికరం. అది తెల్లవారు తెచ్చింది కాదు. ఉద్యోగరీత్యా సమోవా దీవుల్లో ఉన్న హైదరాబాదు దంపతులు ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ గార్లు అక్కడ ఆ సంఘంలో చేరారు. 1978 డిసెంబరులో ప్రచారకులుగా సొంత ఊరికే వచ్చి బంధువుల్లో 22 మందికి బాప్తిస్మం ఇప్పించారు. ఎల్సీగారి తండ్రి ప్రొటెస్టెంట్ పాదిరి. మోర్మన్ గ్రంథానికి తెలుగు అనువాదం చేసినది ఆయనే. 2012లో భారతదేశంలో వారి మొదటి స్టేకు, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం, హైదరాబాదులో ఏర్పడింది. ఈ వివరాలు మొదట నాకు చెప్పినది చోరోయే. నా ఊరి సంగతి నాకు సాల్ట్ లేక్‌లో తెలిసింది!

ఇక చెప్పక తప్పని భాగానికి వస్తాను.

2005 జనవరిలో తెనాలిలో నాన్నగారు పోయారు. రాత్రి పదకొండింటికి అన్నయ్య ఫోన్ చేశాడు. "గుండె ఆగిందిరా. నువ్వు రాగలవా? రాలేకపోతే ఫర్వాలేదు, నేనున్నాగా" అన్నాడు. నేను వెళ్ళలేదు. టికెట్టుకు డబ్బు లేదని అందరికీ చెప్పాను. అది సగం నిజం. అడిగితే అప్పు పుట్టేది. తొమ్మిది రోజుల్లో నా అర్హత పరీక్ష ఉంది. అది తప్పితే ఏడాది వెనకబడతాను. వెళ్ళినా దహనానికి అందనని లెక్కలు వేసుకున్నాను. ఆ లెక్కలన్నీ సరైనవే. ఇరవయ్యేళ్ళుగా వాటిని మళ్ళీ మళ్ళీ వేస్తూనే ఉన్నాను. ప్రతిసారీ సరిగానే వస్తాయి.

మా గదిలోని తెలుగు మిత్రులు చాలా మంచివారు. చాలా మాట్లాడారు. చోరో విషయం తెలిసి పదింపావు మైళ్ళ అవతలి నుంచి మంచులో కారు వేసుకుని వచ్చాడు. పరలోకం గురించి ఏమైనా మొదలుపెడతాడేమోనని నేను లోపల బిగుసుకుని కూర్చున్నాను. అతను నోరు తెరవలేదు. తొట్టిలో పేరుకున్న గిన్నెలు తోమాడు. నా బట్టలు కింద యంత్రంలో వేసి వచ్చాడు. తరువాత డబ్బాలోంచి టీపొడి తీసి, నీళ్ళు కాచి, జన్మలో ఎన్నడూ టీ రుచి చూడని మనిషి నాకు టీ పెట్టి ఇచ్చాడు. నాలుగు చెంచాల పొడి వేసినట్టున్నాడు, నల్లగా విషంలా ఉంది. మొత్తం తాగాను.

తెల్లవారుజామున అతనే చెప్పాడు. సప్పోరోలో పద్నాలుగో నెలలో తనను పెంచిన తాతగారు పోయారు. వారి ప్రాంతీయాధికారి ఫోన్ చేసి వార్త చెప్పాడు. వెళ్ళిపోతానంటే ఎవరూ కట్టిపడేయరు గానీ, ఉండిపోవడమే గొప్ప అని ఊపిరి పీల్చే గాలిలోనే ఉంటుంది. ఉండిపోయాడు. "అప్పుడు అది నా నిర్ణయమే అనుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను" అన్నాడు. ఆ సాయంత్రం ఏం చేయాలో జంటగాడికి తోచక, రోజూ వెళ్ళినట్టే తలుపులు తట్టడానికి బయలుదేరదీశాడు. ముసలమ్మ ఇంటికి వెళ్ళారు. ముఖం చూసి ఏమైందని అడిగింది. చెప్పాడు. ఆమె లేచి లోపలి గదిలో ఉన్న బుత్సుదాన్, అంటే ఇంటి పెద్దల పేరిట పెట్టుకునే చెక్కమందిరం, దాని తలుపులు తెరిచి, అగరుబత్తి వెలిగించి, చిన్న గంట మోగించి, తానెన్నడూ చూడని అమెరికా తాతగారి కోసం చేతులు జోడించింది. ఏ నమ్మకాన్ని మార్చాలని ఈ మనిషి సముద్రం దాటి వెళ్ళాడో ఆ నమ్మకమే అతని దుఃఖానికి చోటిచ్చింది. అతను తల వంచుకుని నిలబడ్డాడు. ప్రార్థించాడా అని నేను అడగలేదు.

"ఆ వారం నివేదికలో ఏం రాశావు?" అన్నాను.

"ఏమీ రాయలేదు."

అప్పుడే నాలో చాలా రోజులుగా ఉన్న అనుమానం బయటపడింది. మోర్మన్లు తమ మందిరాల్లో చనిపోయినవారి పేరిట బతికున్నవారికి బాప్తిస్మం ఇస్తారు. అవతలి లోకంలో ఉన్నవారు దాన్ని ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు అని వారి సిద్ధాంతం. అందుకోసమే ప్రపంచమంతా తిరిగి వంశవృక్షాలు సేకరిస్తారు. మన హరిద్వారం పండాల దగ్గరున్న వంశావళి పుస్తకాలను సైతం ఫిల్ముల మీదికి ఎక్కించుకున్నారు. యూదుల మారణకాండలో చనిపోయినవారి పేర్లు కూడా అలా చేర్చారని పెద్ద గొడవై, అది ఆపుతామని 1995లో ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. "మా నాన్న పేరు నువ్వు ఎప్పటికీ మీ గుడిలో ఇవ్వకూడదు" అన్నాను. ఆ రాత్రి నాకు సేవ చేసిన మనిషితో ఆ గొంతుతో అనవలసింది కాదు. అతను నొచ్చుకోలేదు. "ఇవ్వను. ఆయన్ను ఎక్కడ ఉంచుకోవాలో మీకు తెలుసు" అన్నాడు. పదకొండో రోజున అక్కడ అన్నయ్య పిండం పెడుతుంటే ఇక్కడ నేను కాలింగ్ కార్డుతో ఫోన్ పట్టుకుని మంత్రాలు విన్నాను. చోరో ల్యాబులో నా ప్రయోగం నడిపించాడు. పరీక్ష పాసయ్యాను.

వారి పద్ధతిలో నాకు నచ్చనివి ఇంకా ఉన్నాయి. ఏడాదికి రెండు ఫోన్లన్న నియమం క్రూరమైనదని అప్పుడూ అన్నాను. 2019 ఫిబ్రవరిలో వారే దాన్ని సడలించి వారానికొకసారి మాట్లాడుకోవచ్చన్నారు. అంటే దశాబ్దాల పాటు పిల్లలకూ తల్లులకూ అనవసరమైన దుఃఖం పెట్టామని ఒప్పుకున్నట్టే కదా? చోరో ఒప్పుకోడు. ఆ ఒంటరితనంలోనే తాను దేవుడితో మాట్లాడడం నేర్చుకున్నానంటాడు. జబ్బు చేసో, మనసు చెదిరో గడువు తీరకుండా ఇంటికి వచ్చేసిన పిల్లల మాటేమిటని అడిగితే మాత్రం మెత్తబడతాడు. అతని తమ్ముడు ఎనిమిదో నెలలో తిరిగి వచ్చాడు. ఆదివారం ప్రార్థనలో ఇరుగుపొరుగు అతన్ని చూసిన చూపు గురించి చోరో ఒక్కసారే చెప్పాడు, మళ్ళీ ఎత్తలేదు. డిగ్రీ పూర్తికాకుండా అమెరికా నుంచి తిరిగొచ్చిన కుర్రవాణ్ణి మన ఊళ్ళో ఎలా చూస్తామో తెలిసినవాణ్ణి గనుక నేనూ ఎత్తలేదు. మాలవేసినవాడు మధ్యలో తీసేస్తే దోషమంటారు. రెండేళ్ళ మాల అయితే ఇంక చెప్పేదేముంది.

అయినా ఒకటి ఒప్పుకోవాలి. 2003 నుంచి ఇప్పటిదాకా చోరో నన్ను తన మతంలోకి రమ్మని రెండేసార్లు అడిగాడు. రెండుసార్లూ కెక్కో దెసు అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. గుమ్మం బయట అన్ని వేల గంటలు నిలబడ్డవాడికి, లోపలివారు తలుపు ఎప్పుడు తీస్తారో, తీయని తలుపు ముందు ఎంతసేపు ఉండాలో, ఎప్పుడు మెల్లగా మెట్లు దిగిపోవాలో తెలుస్తుంది. పుస్తకాల్లో పద్యాలు అప్పజెప్పగలిగిన నాకు అది తెలియదు. ఆ ముగ్గురి బాప్తిస్మాల కోసం వారి సంఘం అతణ్ణి పంపి ఉండవచ్చు. నాకు దొరికినది మాత్రం ఆ ముసలమ్మ తయారుచేసిన చోరో.

ఫోన్లో అతను ఎదురుచూస్తున్నాడు. వాళ్ళ పిల్ల నాకు తెలుసు. అయిదేళ్ళప్పుడు నేను పెట్టిన పప్పుచారు నాలుగుసార్లు వడ్డించుకున్న పిల్ల. ఇప్పుడు ఇరవయ్యేళ్ళది, పెరూలో ఏదో కొండ ఊరిలో పేరుబిళ్ళ పెట్టుకుని తిరుగుతోంది.

"అంతా చెప్పు" అన్నాను. "డాక్టరు చెప్పిన మాటలు చెప్పినట్టే చెప్పు. రమ్మనకు. వద్దనీ అనకు. ఉండిపోతే గొప్ప అన్న మాట నీ నోట రాకూడదు, నీ ముఖంలో కూడా కనబడకూడదు."

"వచ్చేస్తే?"

"విమానాశ్రయానికి వెళ్ళు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "నువ్వు ఆ రోజు వెళ్ళి ఉంటే ఎలా ఉండేదనుకుంటావు?" అని అడిగాడు. తెలుగులోనే అడిగాడు, క్రియ సరిగ్గా చివర పెట్టి. పరీక్ష తప్పేవాణ్ణని చెప్పాను.

ఈ సోమవారం మళ్ళీ ఫోన్ చేశాడు. పిల్లకు చెప్పాడట. రెండు రోజులు ఆలోచించుకుంటానందట. తన జంటగత్తెకు ఇంకా చెప్పలేదట, ఆమెతో కలిసి ఆ సాయంత్రం ఎవరింటికో వెళ్ళవలసి ఉందట.